దసరా నుంచి శివరాత్రి దాకా కిటికీ సేద్యం



2023 ఆగస్టులో హైదరాబాదుకు పడమట ఉన్న మోకిల పేరు పత్రికల్లో పెద్ద అక్షరాలతో వచ్చింది. శంకర్‌పల్లి మండలంలోని ఆ ఊళ్లో హైదరాబాదు మహానగరాభివృద్ధి సంస్థ ప్లాట్లు వేలం వేస్తే, అత్యధికంగా చదరపు గజం లక్ష రూపాయలు దాటి పలికింది. ఆ వానాకాలంలోనే ఇంకో ధర కూడా ఇంటింటా మాటల్లో నలిగింది. కిలో టమాట 150 రూపాయలు దాటింది. చారులోకి రెండు కాయలు వేసేచోట ఒకటి వేశారు. పప్పులోకి టమాట మాని చింతపండు పిసికారు. మోకిలకు ఇటు మొయినాబాదు, అటు చేవెళ్ల. టమాట, క్యారెట్, బీట్‌రూట్ పండించి నగరానికి పంపుతూ వచ్చిన నేల అది. ఆ నేల మధ్యనే ఇల్లు కొనుక్కున్నవాళ్లు కూడా టమాటను లెక్కపెట్టి కోసిన రోజులవి.

అలాంటప్పుడే ఇంట్లో రెండు మొక్కలైనా ఉంటే బాగుండుననిపిస్తుంది. విల్లాలో ఉన్నవారికి కాస్త పెరడు ఉంటుంది. అపార్ట్‌మెంటులో ఆరో అంతస్తు వారికి మిద్దె అందరితో పాటు ఉమ్మడి. బాల్కనీలో బట్టలు ఆరాలి. ఇక మిగిలేది కిటికీ. ఆ కిటికీ దగ్గర కొత్తిమీర, పుదీన లాంటి వాసన ఆకులు, నాలుగు టమాటాలు, పిల్లలు అడిగే స్ట్రాబెర్రీలు పండించవచ్చా? పండించవచ్చు. అయితే విత్తనాల పొట్లం కొనడానికి ముందు చేయాల్సిన పని ఒకటుంది. ఆ ఇంట్లోకి ఎండ ఏ నెలలో, ఎంత లోపలికి వస్తుందో కనిపెట్టడం.

హైదరాబాదులో ఇంటిపంట అనగానే గుర్తొచ్చే మాట మిద్దెతోట. కథారచయిత తుమ్మేటి రఘోత్తమరెడ్డి నారపల్లిలో తన ఇంటి కప్పు మీద కూరగాయలు, పండ్లు, పూలు పెంచి, ఆ అనుభవాన్ని ‘మిద్దెతోట’ పేరుతో పుస్తకంగా రాశారు. ఆయన చలవ వల్లే ‘టెర్రస్ గార్డెన్’ అనేవారు కూడా ఇప్పుడు మిద్దెతోట అంటున్నారు. ఎందరో గృహిణులు, ఉద్యోగులు ఆ దారి పట్టారు. కానీ మిద్దె మీద నేర్చిన పాఠాన్ని ఉన్నదున్నట్టు గదిలోకి దించితే పనిచేయదు. మిద్దె మీద ఎండ ఎక్కువ కాబట్టి నీడ కోసం షేడ్‌నెట్ కడతారు. గదిలో ఎండ తక్కువ కాబట్టి దాని వెంట కుండీ జరపాలి. మిద్దె మీద గాలి పూలను ఊపుతుంది, తేనెటీగ వచ్చి వాలుతుంది. గదిలో ఆ రెండు పనులూ మనిషి చేతి మీద పడతాయి.

గదికి దగ్గరి పోలిక మొయినాబాదు, చేవెళ్ల, శంకర్‌పల్లి దారుల్లో దూరం నుంచే తెల్లగా కనిపించే పాలీహౌసులు. తెలంగాణ ఏర్పడిన తొలి ఏళ్లలో ప్రభుత్వం వాటికి 75 శాతం రాయితీ ఇచ్చింది. వాటిలో పెరిగిన జెర్బెరాలే గుడిమల్కాపూర్ పూల మార్కెట్టు మీదుగా పెళ్లి మండపాలకు చేరతాయి. ఆ రైతు రోజంతా ఆలోచించేది వెలుతురు, వేడి, గాలి, నీటిలో ఉప్పు గురించే. కిటికీ దగ్గర మూడు కుండీలు పెట్టుకున్నవారికీ అవే నాలుగు లెక్కలు.

ముందు వెలుతురు సంగతి చూద్దాం.

మనిషి కన్ను ఈ విషయంలో మోసం చేస్తుంది. మిట్టమధ్యాహ్నం ఆరుబయట వెలుతురు సుమారు లక్ష లక్స్ ఉంటుంది. హాలు మధ్యలో, కిటికీకి పది అడుగుల దూరంలో అది కొన్ని వందలకు పడిపోతుంది. అయినా అక్కడ కూర్చుని పేపరు హాయిగా చదువుకోవచ్చు. కంటిపాప పెద్దదై సర్దుకుంటుంది కాబట్టి తేడా తెలియదు. మొక్కకు అలా సర్దుకునే వీలు లేదు. దానికి వెలుతురే కూడు. సోఫా పక్కన అందంగా ఉంటుందని పెట్టిన టమాట నారు వారం తిరక్కుండానే సన్నగా, పాలిపోయి, కిటికీ వైపు మెడ చాస్తుంది. చాలామంది దాన్ని చూసి నీళ్లు చాలలేదనుకుని ఇంకా పోస్తారు. ఆకలితో ఉన్నదాన్ని నీళ్లలో ముంచినట్టవుతుంది. వెలుతురు కొలిచే యాప్‌లు ఫోనులో దొరుకుతాయి. అవి అంత కచ్చితం కాకపోయినా, ఇంట్లో ఈ మూలకూ ఆ మూలకూ ఉన్న తేడాను బాగానే పట్టిస్తాయి.

కిటికీ ఏ దిక్కున ఉందన్నది తర్వాతి ప్రశ్న. ఇంగ్లండులోనో అమెరికాలోనో రాసిన పుస్తకాల్లో దక్షిణపు కిటికీ అన్నిటికన్నా మంచిదని ఉంటుంది. ఆ దేశాల్లో మధ్యాహ్న సూర్యుడు ఏడాది పొడుగునా దక్షిణానే ఉంటాడు. మోకిలలో అలా కాదు. హైదరాబాదు అక్షాంశం 17 డిగ్రీల చిల్లర. ఏటా మే 9 ప్రాంతంలో ఒకసారి, ఆగస్టు 3 ప్రాంతంలో మరోసారి మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తిన నిలుస్తాడు. నిలువుగా పాతిన కర్రకు నీడే పడదు. నీడలేని రోజని బిర్లా సైన్స్ సెంటర్‌లాంటి చోట్ల పిల్లలకు చూపించేది దాన్నే. ఆ రెండు తేదీల మధ్య మధ్యాహ్న సూర్యుడు మనకు ఉత్తరంగా ఉంటాడు. అంటే జూన్‌లో దక్షిణపు కిటికీలోకి మధ్యాహ్నపు ఎండ ఒక్క కిరణం కూడా నేరుగా రాదు.

దసరా వచ్చేసరికి కథ మారుతుంది. సూర్యుడు దక్షిణానికి వాలతాడు. డిసెంబరు మూడో వారంలో మధ్యాహ్నం పూట కూడా 49 డిగ్రీల ఎత్తు మించడు. నాలుగడుగుల ఎత్తున్న కిటికీ, దాని మీద రెండడుగుల సజ్జ ఉందనుకుందాం. ఇక్కడి ఇళ్లలో మామూలు కొలతలే ఇవి. లెక్క వేస్తే, అక్టోబరు మధ్య నుంచి ఫిబ్రవరి ఆఖరు దాకా ఆ కిటికీ గట్టు మీద మధ్యాహ్నపు ఎండ పడుతుంది. డిసెంబరులో గట్టు దాటి అడుగున్నర లోపలికి వస్తుంది. సజ్జ లేకపోతే మూడడుగులు దాటుతుంది. మార్చిలో మళ్లీ సజ్జ నీడ కమ్మేస్తుంది. దసరా నుంచి శివరాత్రి దాకా అన్నమాట. హైదరాబాదు పశ్చిమాన చలి ఉండే నెలలు కూడా అవే. రాత్రి ఉష్ణోగ్రత పది డిగ్రీల కిందికి దిగిన రోజులు కూడా చేవెళ్ల, మొయినాబాదు వైపు ఉన్నాయి. టమాట పూత నిలవడానికి, స్ట్రాబెర్రీ కాయడానికి కావలసిన చల్లని రాత్రులు, దక్షిణపు కిటికీలో ఎండ, రెండూ ఒకేసారి వస్తాయి. ఇక్కడ ఇంట్లో పంట వేయాలనుకునేవారికి ఇంతకన్నా పెద్ద వరం లేదు.

కాబట్టి చేతికి ఒక చాక్‌పీసు తీసుకుని, ఆదివారం మధ్యాహ్నం ఎండ ఎక్కడిదాకా వచ్చిందో నేల మీద ఒక గీత గీసి, తేదీ రాసిపెడితే చాలు. నాలుగు ఆదివారాలు గీస్తే కిటికీలో ఎండ నడక తెలిసిపోతుంది. తూర్పు కిటికీ ఏడాదంతా పొద్దుటి ఎండనిస్తుంది. వాసన ఆకులకు అది చక్కటి చోటు. పడమటి కిటికీ చలికాలంలో మంచిదే కానీ ఏప్రిల్, మే సాయంత్రాల్లో ఆకులను మాడ్చేస్తుంది. ఉత్తరపు కిటికీ పుదీనకు సరిపోతుంది, టమాటకు సరిపోదు. కొత్త ఇళ్లలో రంగు అద్దాలు, దోమల జాలీలు వెలుతురులో కొంత తినేస్తాయి. పగటిపూట ఆ రెండూ పక్కకు జరిపి పెట్టడం ఖర్చులేని ఎరువు.

ఇక ఆకుల దగ్గరికి వద్దాం. మొదటిసారి పెంచేవారు ఇక్కడే మొదలుపెట్టాలి. కాయ కాయాల్సిన అవసరం లేని మొక్క తక్కువ వెలుతురుతో బతుకుతుంది.

అన్నిటిలోకీ తేలిక పుదీన. అంగట్లో కొన్న కట్టలోంచి ముదురు కాడలు నాలుగు ఏరి, కింది ఆకులు తుంచి, గ్లాసు నీళ్లలో పెడితే పది రోజుల్లోపే తెల్లటి వేళ్లు దిగుతాయి. అప్పుడు మట్టిలో నాటాలి. వెడల్పు కుండీ కావాలి. పుదీన వేరు లోతుకు పోదు, పక్కలకు పాకుతుంది. వాము ఆకు ఇంకా తేలిక. వానాకాలం సాయంత్రాల్లో బజ్జీలు వేసుకునే ఆ మందపాటి ఆకు కొమ్మను మట్టిలో గుచ్చితే బతుకుతుంది. దానికి నీళ్లు తక్కువ పోయడమే సేవ.

కొత్తిమీరకు ఒక కిటుకు ఉంది. ధనియం అని మనం అనేది ఒక గింజ కాదు, ఒక కాయ. దానిలో రెండు విత్తనాలుంటాయి. చపాతీ కర్రతో మెల్లగా నొక్కి రెండు బద్దలు చేసి, ఒక రాత్రి నానబెట్టి చల్లితే మొలక బాగా వస్తుంది. అయినా వారం నుంచి రెండు వారాలు పడుతుంది. ఆ ఓపిక లేక చాలామంది కుండీని తవ్వి చూస్తారు. కొత్తిమీరకు వేడి గిట్టదు. మార్చి దాటాక చల్లితే నాలుగు ఆకులు వేయకముందే పూతకు వచ్చేస్తుంది. ఈ పంటను కూడా దసరా తర్వాతే పెట్టుకోవడం మేలు. నారు పోసి మార్చి నాటడం దీనికి పడదు. ఎక్కడ మొలిచిందో అక్కడే పెరగాలి.

పిజ్జాల మీద వేసే బేసిల్ ఆకు కోసం ఖరీదైన విత్తనాల పొట్లాలు తెప్పించుకునేవారు కిరాణా కొట్టుకు వెళ్లినా సరిపోతుంది. హైదరాబాదు ఫలూదాలో వేసే సబ్జా గింజలు అదే జాతి మొక్కవి. ఆకు కొంచెం చిన్నదిగా, వాసన కొంచెం ఘాటుగా ఉంటుంది. గింజల్ని మట్టి పైనే చల్లి తడి ఆరకుండా చూస్తే వారంలోపే మొలుస్తాయి. పూమొగ్గ కనిపించగానే తుంచేస్తే కొమ్మలు చీలి గుబురుగా పెరుగుతుంది. రోజ్‌మేరీ, థైమ్ మధ్యధరా తీరపు మొక్కలు. వాటికి ఎండ ఎక్కువ, నీళ్లు తక్కువ కావాలి. ఇక్కడి వానాకాలపు తేమలో వేరు కుళ్లి చాలా ఇళ్లలో చనిపోతాయి. మొదటి ఏడాది వాటి జోలికి పోకపోవడమే మంచిది. కరివేపాకు మాత్రం చెట్టు. పదేళ్లు ఉండేదాన్ని గట్టు మీద కట్టిపడేసే బదులు బాల్కనీలో పెద్ద కుండీ ఇవ్వాలి.

మట్టి మాటకొస్తే, పొలం మట్టిని ఒట్టిగా కుండీలో నింపితే నాలుగు తడులకే ఇటుకలా బిగుస్తుంది. ఎర్రమట్టి ఒక పాలు, కొబ్బరి పొట్టు ఒక పాలు, వానపాముల ఎరువు ఒక పాలు కలిపితే తేలికగా, గుల్లగా ఉంటుంది. కొబ్బరి పొట్టులో తరచుగా ఉప్పు ఉంటుంది. బకెట్లో నానబెట్టి, పిండి, ఆ నీళ్లు పారబోసి, మళ్లీ ఒకసారి కడిగి వాడాలి. కుండీ అడుగున రంధ్రం తప్పనిసరి. అడుగున చిల్లు లేని అందమైన పింగాణీ కుండీలే ఇంటిమొక్కల్ని ఎక్కువగా చంపుతాయి. నీళ్లు ఎప్పుడు పోయాలో గడియారం చెప్పదు. వేలు రెండు కణుపుల దాకా గుచ్చి చూసి, లోపల పొడిగా తగిలితేనే పోయాలి.

ఈ ప్రాంతంలో ఇంకో జాగ్రత్త అవసరం. చాలా ఇళ్లలో తాగే నీటిని శుద్ధిచేసే యంత్రం వదిలేసే నీళ్లు వృథా పోతాయని బాధపడి మొక్కలకు పోస్తారు. మంచి మనసుతో చేసే పనే. కానీ బోరు నీళ్లలోని ఉప్పంతా ఆ వదిలేసిన నీళ్లలోనే చేరుతుంది. పుదీన కొన్నాళ్లు ఓర్చుకుంటుంది. ఉప్పుకు అస్సలు తాళలేని పంటల్లో స్ట్రాబెర్రీ ముందు వరసలో ఉంటుంది. రెండు నెలల్లో ఆకు అంచులు కాలినట్టు గోధుమ రంగుకు వస్తాయి. వాన నీళ్లు పట్టిపెట్టుకుంటే అంతకన్నా మంచివి లేవు. ఆ వదిలిన నీళ్లు ఇల్లు తుడవడానికి వాడుకోవచ్చు.

టమాటకు వస్తే, ముందు రకం ఎంచుకోవాలి. చేవెళ్ల పొలంలో కట్టెలు పాతి తీగ కట్టి పెంచే రకాలు గట్టు మీద ఇమడవు. చెర్రీ టమాట అనగానే చిన్న మొక్క అనుకుంటారు. కాయే చిన్నది. పాలీహౌసుల్లో పెంచే చెర్రీ రకాల తీగలు మనిషి ఎత్తు దాటిపోతాయి. కిటికీకి కావలసింది మరుగుజ్జు రకం. అమెరికాలోని ఫ్లోరిడా విశ్వవిద్యాలయం వారు 1989లో ‘మైక్రో టామ్’ అనే రకాన్ని విడుదల చేశారు. జానెడు ఎత్తు మించదు. ఆరంగుళాల కుండీ చాలు. ‘రెడ్ రాబిన్’ అనేది దాని కన్నా కాస్త పెద్దది. ఇవి ఆన్‌లైన్లో దొరుకుతాయి. బాల్కనీలో చోటున్నవారు బెంగళూరు ఉద్యాన పరిశోధన సంస్థ తయారుచేసిన ‘అర్క రక్షక్’ పెట్టుకోవచ్చు. ఆకుముడత వైరస్, వాడు తెగులు, ఆకుమచ్చ తెగులు మూడింటినీ తట్టుకునే హైబ్రిడ్ అది. దానికి పదిహేను అంగుళాల గ్రోబ్యాగ్, ఊతానికి కట్టె కావాలి.

దసరాకు విత్తితే సంక్రాంతికి మరుగుజ్జు మొక్క మీద కాయ ఎర్రబడుతుంది. అర సెంటీమీటరు లోతున విత్తి, తడి ఆరకుండా చూస్తే వారంలో మొలక వస్తుంది. మొలక కనిపించిన క్షణం నుంచి దాని స్థానం ఎండలోనే. మూడు నాలుగు వారాల నారును మార్చి నాటేటప్పుడు కాండాన్ని కాస్త లోతుగా పూడ్చాలి. పూడిన కాండం నుంచి కూడా వేళ్లు పుడతాయి. వంకాయకు, మిరపకు అంతగా లేని ఈ సుగుణం వల్ల కొంచెం సన్నగా సాగిన నారును కూడా టమాటలో కాపాడుకోవచ్చు.

పూత వచ్చాక అసలు పని. టమాట పువ్వులో మగ, ఆడ భాగాలు రెండూ ఉంటాయి. కానీ పుప్పొడి సన్నటి గొట్టంలాంటి అరల్లో బిగుసుకుని ఉంటుంది. ఆ పువ్వు కదిలితేనే అది రాలుతుంది. పొలంలో గాలి ఆ పని చేస్తుంది. తుమ్మెదలు పువ్వును పట్టుకుని రెక్కల కండరాలతో జుమ్మని అదిలిస్తాయి. తేనెటీగలకు ఆ విద్య రాదు. మూసిన గదిలో పొద్దున పది గంటల ప్రాంతంలో పూగుత్తి వెనక వేలితో నాలుగుసార్లు మీటితే చాలు. బ్యాటరీతో తిరిగే పళ్ల బ్రష్షును కాడకు ఆనించినా అదే పని అవుతుంది. ఇది చేయకుండా పూలన్నీ రాలిపోయాయని ఎరువులు మార్చేవారు ఎందరో. రాత్రి ఉష్ణోగ్రత బాగా పెరిగినా పూత రాలుతుంది. అందుకే ఏప్రిల్‌లో మొక్క ఎంత పచ్చగా ఉన్నా కాయ నిలవదు. చేవెళ్ల రైతు దిగుబడి వేసవిలో తగ్గడానికీ, ధరలు పెరగడానికీ ఉన్న కారణాల్లో ఇదొకటి. కిటికీ దగ్గర రాలిన పూత చూశాక ఆ రైతు కష్టం కొంచెం అర్థమవుతుంది.

కాయ అడుగున నల్లటి, అణిగిన మచ్చ వస్తే అది తెగులు కాదు. కాయకు సున్నం అందలేదన్న సూచన. మట్టిలో సున్నం ఉన్నా, ఒకరోజు ఎండబెట్టి ఒకరోజు ముంచితే అది కాయ దాకా చేరదు. కోడిగుడ్డు పెంకులు పొడి చేసి వేసినా అవి కరగడానికి నెలలు పడుతుంది. నీళ్లు సమంగా పోయడమే మందు. ఎరువు సంగతి తక్కువ మాటల్లో చెప్పుకోవచ్చు. పదిహేను రోజులకో గుప్పెడు వానపాముల ఎరువు. చాలలేదనిపిస్తే లీటరు నీటికి ఒక గ్రాము చొప్పున 19:19:19 ఎరువు. పూత మొదలయ్యాక పొటాష్ ఎక్కువున్న 13:0:45. జీవామృతం పొలానికి బంగారమే. మూసిన గదిలో దాని వాసన భరించడం కష్టం.

ఎండ రాని ఇళ్ల సంగతేమిటి? దీపం ఉంది. మొక్క ముఖ్యంగా ఎరుపు, నీలి కాంతిని పట్టుకుంటుందని తెలిశాక, ఎల్ఈడీలు వచ్చాక, ఈ పని సులువైంది. అంతరిక్ష కేంద్రంలో నాసా వారు ‘వెజ్జీ’ అనే చిన్న తోటను ఎల్ఈడీల కిందే పెంచారు. 2015 ఆగస్టులో వ్యోమగాములు అక్కడ పండిన ఎర్ర లెట్యూస్ తిన్నారు. తర్వాత రెడ్ రాబిన్ టమాట కూడా అక్కడ పండింది. ఫ్రాంక్ రూబియో అనే వ్యోమగామి కోసిన టమాట చేజారి గాల్లో తేలిపోయి కనిపించకుండా పోయింది. ఎండిపోయిన స్థితిలో అది దొరికినట్టు 2023 డిసెంబరులో తెలిసింది. భూమికి 400 కిలోమీటర్ల ఎత్తున కాసిన రకమే మోకిల కిటికీలోనూ కాస్తుంది.

ఇంట్లో గులాబీ రంగు దీపాలు పెట్టాల్సిన పనిలేదు. పగటి వెలుతురు రంగున్న మామూలు తెల్ల ఎల్ఈడీ ట్యూబు 20 వాట్లది, మొక్కల పైకొనకు జానెడు ఎత్తులో వేలాడదీస్తే వాసన ఆకులకు సరిపోతుంది. ఎత్తు పెంచిన కొద్దీ వెలుతురు గబగబా తగ్గిపోతుంది. రోజుకు 14 గంటలు వెలిగితే నెలకు ఖర్చయ్యేది ఎనిమిదిన్నర యూనిట్ల లోపే. రాత్రంతా వేసి ఉంచితే ఇంకా బాగా పెరుగుతుందనుకోకూడదు. చీకటి లేకపోతే టమాట ఆకులు పసుపెక్కి దెబ్బతింటాయి.

చివరిది, అందరూ ముందు అడిగేది, స్ట్రాబెర్రీ.

ఇది మన పండు కాదు. అసలు పాతదీ కాదు. 1714లో ఫ్రెజియర్ అనే ఫ్రెంచి ఇంజనీరు దక్షిణ అమెరికాలోని చిలీ నుంచి పెద్ద కాయల మొక్కల్ని ఫ్రాన్సుకు తెచ్చాడు. ఉత్తర అమెరికా నుంచి వచ్చిన చిన్న కాయల మొక్కలు అప్పటికే అక్కడి తోటల్లో ఉన్నాయి. రెండూ పక్కపక్కన పెరిగి, పుప్పొడి కలిసి, ఈనాటి స్ట్రాబెర్రీ పుట్టింది. మన దేశంలో దాని ఇల్లు మహారాష్ట్రలోని మహాబలేశ్వరం. 2010లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. తెలుగు నేల మీద అల్లూరి సీతారామరాజు జిల్లా చింతపల్లి మండలంలోని లంబసింగి చలికాలపు స్ట్రాబెర్రీలకు పేరుపొందింది. సముద్రమట్టానికి సుమారు 1,000 మీటర్ల ఎత్తున, మంచు కురిసే ఆ ఊరికి వెళ్లిన పర్యాటకులు తోటల్లోనే బుట్టలు నింపుకుంటారు. మోకిల ఎత్తు అంత లేదు. కానీ డిసెంబరు, జనవరి రాత్రులు ఇక్కడ కూడా స్ట్రాబెర్రీకి నచ్చేటంత చల్లగా ఉంటాయి.

మొదటి నియమం, విత్తనాలు కొనవద్దు. ఆన్‌లైన్లో నీలం, నలుపు రంగుల స్ట్రాబెర్రీ విత్తనాలని బొమ్మలు చూపి అమ్ముతారు. నీలి స్ట్రాబెర్రీ లోకంలో లేదు. ఎర్రకాయ గింజలు మొలిచినా నెలల తరబడి పెంచాలి, తల్లి గుణం రాదు. అక్టోబరులో నర్సరీలకు వచ్చే వేళ్లున్న పిలకలు తెచ్చుకోవాలి. ‘వింటర్ డాన్’, ‘స్వీట్ చార్లీ’, ‘కామరోసా’ పేర్లు వినిపిస్తాయి. మొదటి రెండూ త్వరగా కాపుకొస్తాయి కాబట్టి మన చిన్న చలికాలానికి నప్పుతాయి. ఏడెనిమిది అంగుళాల కుండీలో ఒక్క మొక్కే. నాటేటప్పుడు ఆకులన్నీ పుట్టే నడిమి మొవ్వు మట్టి మట్టానికి సమంగా ఉండాలి. పూడితే కుళ్లుతుంది, పైకి తేలితే వేళ్లు ఎండుతాయి. ఈ ఒక్క కొలత తప్పి చచ్చిపోయే మొక్కలే ఎక్కువ.

ఇంటి దీపాలు వేసేవారు స్ట్రాబెర్రీ దగ్గర మాత్రం కాలం కుదించాలి. ఈ రకాలు పొట్టి పగళ్లలో మొగ్గ తొడిగే జాతి. 16 గంటల వెలుగు చూపిస్తే పూత మాని ఆకులు పెంచుతాయి. 12 గంటలకు మించకూడదు. ఎండ ఉన్న కిటికీలో ఆ దిగులే లేదు. హైదరాబాదులో డిసెంబరు పగలు పదకొండు గంటల పైన కొద్ది నిమిషాలే.

పువ్వు విచ్చాక మెత్తటి బొమ్మల కుంచెతో దాని మధ్య పసుపు బొడుపు చుట్టూ గుండ్రంగా, రోజూ ఒకసారి, మూడు రోజులు తిప్పాలి. స్ట్రాబెర్రీ మీద కనిపించే చిన్న గింజల్లాంటివే దాని అసలు కాయలు. మనం తినే ఎర్రటి కండ పువ్వు ఉబ్బిన పీఠం. ఏ గింజకు పుప్పొడి అందదో అక్కడ కండ ఉబ్బదు. వంకర కాయ, సొట్ట కాయ పుట్టేది అందుకే. కుంచె తిప్పడంలో ఎటువైపు వదిలేశారో కాయ నెల తర్వాత చూపిస్తుంది. కాయ తడి మట్టికి తగలకుండా ఎండుగడ్డి నాలుగు పోచలు పరవాలి. పేరులో గడ్డి ఉన్న ఈ పంటను పొలాల్లో కూడా అలాగే కాపాడతారు. ఎర్రదనం తొడిమ దాకా పాకాకే కోయాలి. కోశాక అది తీపెక్కదు. ఒక మొక్కకు ఒక చలికాలంలో వచ్చేవి దోసెడు కాయలే. నాలుగు మొక్కలుంటే ఇద్దరు పిల్లలు పోట్లాడుకోకుండా తింటారు.

మూసిన ఇంట్లో పురుగు రాదనుకుంటే పొరపాటు. పొడి గాలిలో ఆకు అడుగున ఎర్రనల్లి సన్నటి బూజు అల్లుతుంది. టమాట మీద తెల్లదోమ వాలి ఆకుముడత వైరస్‌ను అంటిస్తుంది. వారానికోసారి ఆకు తిప్పి చూడడం, జల్లుగా పడే నీళ్లతో అడుగు కడగడం, పసుపు రంగు జిగురు అట్ట ఒకటి వేలాడదీయడం, అవసరమైతే లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, రెండు చుక్కల సబ్బు ద్రావణం కలిపి సాయంత్రం చల్లడం, ఇంతకు మించి ఇంట్లో మందులు కొట్టకూడదు. బీడీ, సిగరెట్టు, ఖైనీ ముట్టుకున్న చేత్తో టమాటను తాకకూడదు. పొగాకు నుంచి మొజాయిక్ వైరస్ అంటుకుంటుంది. సబ్బుతో చేతులు కడిగితే సరి.

శివరాత్రికి చలి శివశివా అని వెళ్లిపోతుందంటారు. ఆ వారమే సజ్జ నీడ గట్టు మీదికి జరుగుతుంది. టమాట మొక్క పని అప్పటికి పూర్తవుతుంది, దాన్ని పీకి ఆ కుండీలో తోటకూర చల్లుకోవచ్చు. స్ట్రాబెర్రీని మాత్రం పీకకూడదు. కాపు ఆగాక అది సన్నటి తీగలు వదులుతుంది. తీగ చివర రెండాకుల పిలక కనిపించగానే, తల్లి కుండీ పక్కన మట్టి నింపిన టీ కప్పు పెట్టి, పిలకను మట్టికి ఆనించి, జడపిన్నుతో తీగను అదిమి ఉంచాలి. తీగ తల్లికి అంటుకునే ఉండాలి. నాలుగు వారాల్లో పిలక సొంత వేళ్లు పట్టాక తీగ కత్తిరించి, ఏప్రిల్, మే నెలల్లో తూర్పు కిటికీ పక్కన, ఇంట్లో అన్నిటికన్నా చల్లగా ఉండే గదిలో, మట్టి తడి ఆరకుండా కాపాడుకోవాలి. నాలుగు పిలకల్లో ఒకటో రెండో వేసవి దాటుతాయి. మళ్లీ దసరాకు ఎండ కిటికీ గట్టు దాటి నేల మీది చాక్‌పీసు గీత దాకా వచ్చినప్పుడు వాటిని పెద్ద కుండీలోకి మార్చుకోవచ్చు.